ఫోతీ గొంతుకి అతిమధురం

“మాండలే వైపు వెళ్ళే పచ్చ లారీ బాబూ! కాస్త బ్రేకు మీద కాలెయ్యి నాయనా, పుణ్యం మీద చెయ్యెయ్యి. నీ టమాటా బుట్టల్లో ఒక్క కాయ నలగకుండా చేరతావు. ఇంట్లో పిల్లలకి జలుబైనా చెయ్యదు!”

పచ్చ లారీ వేగం తగ్గింది. రోడ్డుకి రెండు పక్కలా నిలబడ్డ ఆడవాళ్ళు వెండిరంగు గిన్నెల్ని గలగలా ఊపుతూ ముందుకి వంగారు. కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి, గిన్నెలో నోటు పడేసి వెనక్కి పోయింది. తాటాకు పందిరి కింద ఫోతీ కళ్ళు మూసుకుని గొంతు మార్చాడు. అడిగే గొంతు వేరు, దీవించే గొంతు వేరు. “ఈ దానఫలం కన్నతల్లికీ, కన్నతండ్రికీ, కంటికి కనపడే జీవికీ, కనపడని జీవికీ సమానంగా అందుగాక...” అని సాగదీసి, చివర్లో గొంతుని మెట్టు మెట్టుగా కిందికి దించాడు.

“సాధు, సాధు, సాధు,” అన్నారు ఆడవాళ్ళు.

“సాధూ!” అని రోడ్డవతల టీ కొట్టులోంచి ఇంకో గొంతు వినిపించింది, అందరికంటే గట్టిగా.

అది మ్యాతాన్ గొంతు. ఇంట్లో వాళ్ళు అతన్ని యాకూబ్ అంటారు, ఊళ్ళో మ్యాతాన్ అంటారు. శుక్రవారం మధ్యాహ్నం కొట్టు మూసి మసీదుకి వెళ్తాడు. మిగిలిన అన్ని పూటలా పిండి పిసుకుతూ, టీ తిరగబోస్తూ, ఫోతీ దీవెనకి, బాగు బాగు అని ఒప్పుకున్నట్టుగా, సాధు చెబుతాడు. మొదట్లో ఎవరో అడిగారు, నీకెందుకయ్యా మా పుణ్యం అని. “పంచుతున్నది వాడు. పంచిపెట్టేది వద్దనడం మా ఇంటా వంటా లేదు,” అన్నాడట. అప్పటినుంచి అదో వేడుక అయింది. కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్లు కూడా ఆ నాలుగో సాధు కోసం చెవి ఒగ్గి, నవ్వుకుని వెళ్ళేవారు.

ఫోతీ మైకుని చేతిరుమాల్లో చుట్టి పట్టుకుంటాడు. సన్నటి మనిషి. మెడ మీద నరాలు తాళ్ళలా తేలి ఉంటాయి. మాట్లాడేటప్పుడు కంఠమణి కిందికీ మీదికీ పరుగెడుతుంది. గొంతు పాడవుతుందని తమలపాకు మానేశాడు గనక ఆ ఊళ్ళో ఆ వయసులో తెల్లటి పళ్ళున్న మగవాడు అతనొక్కడే. కుర్రతనంలో ఊరూరూ తిరిగే నాటక బృందంలో ఉండేవాడు. రాకుమారుడి వేషం వెయ్యాలని ఆశపడ్డాడు గానీ, మొహం చూసి ఎవరూ ఇవ్వలేదు. తెర వెనక నిలబడి రాకుమారుడి తరఫున పాడమన్నారు. బృందం చెదిరిపోయాక బస్టాండులో ఊళ్ళ పేర్లు అరిచాడు. భార్య పోయి, బస్టాండు పోయి, మనిషి ఎటూ కాకుండా ఉన్నప్పుడు మఠం పెద్ద భిక్షువు పిలిచి ఈ మైకు చేతికిచ్చాడు. మఠం ఆవరణలో ఒక గది, ఒక చాప, ఒక దోమతెర ఇచ్చాడు. ఈ చందాలతో కట్టాలని అప్పుడు పునాది తవ్విన ధర్మోపన్యాస మందిరానికి ఇప్పటికీ కప్పు పడలేదు. ఆ ఏడు పుట్టిన పిల్లలకి మీసాలొచ్చాయి.

ఆలోచిస్తే, ఫోతీ తన సొంత మాట ఒక్కటైనా నలుగురిలో చెప్పినవాడు కాదు. రాకుమారుడి మాటలు చెప్పాడు, బస్సుల మాటలు చెప్పాడు, మఠం మాటలు చెప్పాడు. ఎవరేమిచ్చినా అందంగా చెప్పాడు. దానికి అతనికి ఊరంతా గౌరవం ఇచ్చింది, అతనూ పుచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆ గౌరవమే మెడకి చుట్టుకుంది.

మూడేళ్ళ కిందట ఎక్కడో దూరపు పట్నంలో ఒకాయన సభ పెట్టి, మన మధ్య ఉన్న పరాయివాళ్ళు మనల్ని మింగేస్తారని అరిచాడట. ఆ మాట ఈ ఊరు చేరినప్పుడు జనం నవ్వారు. పిచ్చి ముదిరింది పాపం అన్నారు. తర్వాత ఆ ఉపన్యాసం సీడీల మీద వచ్చింది. సంతలో ఊరికే పంచారు. ఊరికే వచ్చింది గనక అందరూ ఇంటికి పట్టుకెళ్ళారు. తర్వాత దూరపు బస్సుల్లో పాటల మధ్య వేశారు. ఆ తర్వాత దుకాణాల గుమ్మాల మీద మన దుకాణం అని గుండ్రటి బొమ్మలు అంటించారు. ఒకరోజు బళ్ళో పంతులమ్మ అదే మాట చెప్పింది. ఇంకో రోజు ఎన్నికల్లో నిలబడ్డ పెద్దమనిషి చెప్పాడు, మెడలో పూలదండతో, చాలా మర్యాదగా. కిందటి వానాకాలంలో ఆడపిల్లలు తాడాట ఆడుతూ ఆ మాటనే లెక్కగా పాడుకుంటుంటే ఫోతీ విన్నాడు. మూడేళ్ళ కిందట ఆ మాట అన్నవాడు పిచ్చివాడు. ఇప్పుడు అననివాడి వంకే జనం వింతగా చూస్తున్నారు.

ఆ మాట పందిరి దాకా కూడా వచ్చింది. మందిరం కమిటీ కార్యదర్శి థెట్లూ తెచ్చాడు. మోటారు సైకిళ్ళ విడిభాగాల కొట్టు అతనిది. మంచివాడు. ఎవరింట్లో చావు జరిగినా పాడె పట్టడానికి ముందుంటాడు. మొదటిసారి అతనిచ్చిన వాక్యం, “మన జాతిని, మన ధర్మాన్ని కాపాడుకుందాం” అని. ఇందులో తప్పేముందని ఫోతీ చదివాడు. రోడ్డవతలనుంచి మ్యాతాన్, “కాపాడండి, కాపాడండి, మాదీ కాస్త చూసుకోండి, సాధూ!” అన్నాడు. అందరూ నవ్వారు. రెండోసారి, “మనవాళ్ళ దగ్గరే కొనుక్కుందాం.” మ్యాతాన్ గరిటె పైకెత్తి, “నేను పుట్టింది ఈ ఊరి ఆస్పత్రిలోనేగా! రండి, కొనుక్కోండి, సాధూ!” అన్నాడు. ఆసారి నవ్వినవాళ్ళు తక్కువ.

ఈ ఉదయం థెట్లూ మళ్ళీ వచ్చాడు. ప్లాస్టిక్ సంచీలో టీ తెచ్చి, ఫోతీ ముందు కప్పులో పోశాడు. మ్యాతాన్ టీ కాదది. రోడ్డు చివర కొత్తగా పెట్టిన కొట్టుది.

“తాగు బాబాయ్. ఇవాళ యాత్ర బస్సులొస్తాయి, గొంతు బాగుండాలి.” థెట్లూ మైకు మీట కిందికి నొక్కి ఆపాడు. “ఇంకో ముక్క ఉంది. చిన్నదే. ‘రోడ్డవతల కొట్టులో తాగే ప్రతి కప్పూ మన బిడ్డల నోట్లో విషం.’ అంతే.”

ఫోతీ కప్పు కింద పెట్టేశాడు.

“అంత ఘాటెందుకు నాయనా?”

“ఘాటా? మొన్న పట్నంలో ఇంతకంటే పెద్ద మాట అన్నారు, పేపర్లో కూడా వేశారు. మనం మెత్తగానే అంటున్నాం.”

“పెద్ద భిక్షువుగారికి తెలుసా?”

“ఆయనకి చెముడు బాబాయ్. ఆయన్నెందుకు ఇబ్బంది పెట్టడం?” థెట్లూ నవ్వి, ఫోతీ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి నిజంగానే ప్రేమగా ఉంది. “నీకు కష్టమైతే చెప్పు, మొహమాటపడకు. పట్నంనుంచి రికార్డింగు తెప్పించి పెన్‌డ్రైవ్ పెట్టేద్దాం. నువ్వూ ఎన్నాళ్ళని అరుస్తావ్? గదిలో హాయిగా పడుకో.”

గదిలో హాయిగా పడుకోవడమంటే ఏమిటో ఫోతీకి తెలుసు. మైకు లేకపోతే అతను మఠంలో అన్నం తినే ఒక ముసలివాడు, అంతే. వాళ్ళు గది ఖాళీ చెయ్యమనరు. గది ఉన్నట్టు మర్చిపోతారు.

“యాత్ర బస్సులు ఆగినప్పుడు చెప్పు. నేనూ వస్తాను,” అని థెట్లూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఎండ ముదిరి బళ్ళు పలచబడ్డాక ఆడవాళ్ళు గిన్నెలు బోర్లించి అన్నాలకి కూర్చున్నారు. ఫోతీ రోడ్డు దాటాడు. చెప్పేయాలి అనుకున్నాడు. ఇలా చెప్పమన్నారురా, నేను చెప్పనన్నాను అని చెప్పాలి. లేదా చెప్పక తప్పదు, మనసులో పెట్టుకోకు అనైనా చెప్పాలి. రోడ్డు దాటేలోపల రెండూ సిద్ధం చేసుకున్నాడు.

టీ కొట్టులో పొట్టి బల్లలు సగం గోడకి పేర్చి ఉన్నాయి. ఒకప్పుడు ఆ వేళకి టీ కోసం పెదాలతో ముద్దు చప్పుడు చేసి పిలిచేవాళ్ళతో అక్కడ పిచ్చుకల గూడులా ఉండేది. ఇప్పుడు ఒక మూల ఇద్దరు సైకిల్ రిక్షావాళ్ళు, రోడ్డుకి వీపు పెట్టి కూర్చుని, గబగబా తాగుతున్నారు.

మ్యాతాన్ ఫోతీని చూడగానే బల్ల కింది నుంచి ఎర్ర పూల ఫ్లాస్కు తీశాడు. అందులో అల్లం, అతిమధురం వేసి కాచిన నీళ్ళుంటాయి. ఫోతీ మైకు పట్టిన ఏటినుంచి ఏ రోజూ తప్పలేదు.

“పొద్దున గొంతు జీరపోయిందిరా. నాలుగో లారీ దగ్గర ‘కన్నతల్లి’ సరిగ్గా పలకలేదు. కూర్చో.”

“నువ్వొక్కడివేరా అది కనిపెట్టేది.”

“మరి? ఇన్నేళ్ళు వింటున్నానయ్యా, నా పెళ్ళాం గొంతైనా ఇంత వినలేదు.” మ్యాతాన్ పిండి ముద్దని బల్ల మీద కొట్టి, చేత్తో పలచగా సాగదీశాడు. నెరిసిన గడ్డంలో కూడా పిండే. “అది కూతురి దగ్గరికెళ్ళి నెల దాటింది. ఇప్పుడు కూతురి పోరు మొదలైంది. అల్లుడి ఉల్లిపాయల లారీ ఇవాళ సాయంత్రం ఇటే దిగుతుంది, ఎక్కి వచ్చెయ్ నాన్నా అని పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు.”

ఫోతీ పొట్టి బల్ల దగ్గర కూర్చున్నాడు. “నువ్వేమన్నావ్?”

“ఏమంటాను? ఊరన్నాక నాలుగు రకాల నోళ్ళు ఉంటాయే, అనేవాళ్ళు అంటారు, అలిసిపోయి ఊరుకుంటారు అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, మా ఊరి నోరు ఎదురుగుండా పందిట్లో ఉంది, దాన్ని చూసే నేనిక్కడున్నాను అన్నాను.” నవ్వాడు. “‘ఫోతీ బాబాయ్ నోట్లోంచి కూడా వస్తే?’ అందిరా అది. వస్తే ఆ రోజే లారీ ఎక్కుతాలే, ఫోను పెట్టెయ్ అన్నాను.”

ఫోతీ ఫ్లాస్కు మూతలో పోసిన నీళ్ళు తాగాడు. తియ్యగా, వెచ్చగా గొంతులోకి దిగాయి. సిద్ధం చేసుకున్న రెండు మాటల్లో ఒక్కటీ పైకి రాలేదు. ఇంకొకరు రాసిచ్చి ఉంటే ఎంత బాగా చెప్పేవాడో! లేచి, “బస్సులొచ్చే వేళైంది,” అన్నాడు.

“ఫ్లాస్కు పట్టుకెళ్ళు.”

“వద్దులే. సాయంత్రం వస్తాగా.”

రోడ్డు దాటుతూ ఒక ఉపాయం ఆలోచించాడు. అది ఉపాయమని అతను నిజంగా నమ్మాడు, అదే బాధ. ఆ వాక్యాన్ని విడిగా, గట్టిగా చెబితే కత్తిలా ఉంటుంది. దీవెన మధ్యలో కలిపేసి, కన్నతల్లికీ కన్నతండ్రికీ పక్కన పెట్టి, అదే రాగంలో సాగదీసి దించేస్తే ఎవరి చెవికీ తగలదు. థెట్లూకి చెప్పినట్టూ ఉంటుంది, మ్యాతాన్‌కి వినపడనట్టూ ఉంటుంది. ఆ దీవెన మాటల్ని ఎవరు వింటారు గనక? ఫోతీ కూడా వినడం మానేసి చాలా ఏళ్ళైంది.

యాత్ర బస్సులు వరసగా వచ్చి ఆగాయి. చెంపలకి చెట్టుబెరడు గంధం పూసుకున్న ఆడవాళ్ళూ, నిద్రమొహాల మగవాళ్ళూ కాళ్ళు సాచుకోవడానికి దిగారు. కొందరు టీ కొట్టు వైపు రెండడుగులు వేశారు. థెట్లూ పందిరి నిట్టాడికి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గిన్నెలు గలగలమన్నాయి, నోట్లు పడ్డాయి. ఫోతీ కళ్ళు మూసుకున్నాడు.

“ఈ దానఫలం కన్నతల్లికీ, కన్నతండ్రికీ, కంటికి కనపడే జీవికీ, కనపడని జీవికీ సమానంగా అందుగాక. రోడ్డవతల కొట్టులో తాగే ప్రతి కప్పూ మన బిడ్డల నోట్లో విషం. ఈ సంగతి ఎరిగి, ధర్మాన్ని నిలుపుకుని, అందరూ సుఖంగా, చల్లగా, నిర్భయంగా ఉందురుగాక...”

అతను ఎన్నడూ అంత బాగా చెప్పలేదు. అతిమధురం మహిమ కావచ్చు, గొంతు నూనె రాసినట్టు జారింది. చివర్లో మెట్టు మెట్టుగా దిగింది.

“సాధు, సాధు, సాధు,” అన్నారు గిన్నెల ఆడవాళ్ళు. బస్సులు దిగిన జనమంతా చేతులు జోడించి, “సాధు, సాధు, సాధు,” అన్నారు. పసివాడి చేతులు పట్టుకుని జోడించి, తల్లి వాడి చేత కూడా అనిపించింది.

“సాధూ!” అంది రోడ్డవతలి గొంతు.

ఆ గొంతు అలవాటుగా వచ్చింది, ఎప్పటిలాగే, అందరికంటే గట్టిగా. ఫోతీ కళ్ళు తెరిచాడు. మ్యాతాన్ సాగదీసిన పిండి చేతుల మధ్య పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మాట నోట్లోంచి ముందు వెళ్ళిపోయింది, అర్థం వెనక వచ్చింది. బస్సు జనంలో ఎవడో గడ్డం చూసి, కొట్టు చూసి, ఫక్కున నవ్వి, “వాడే ఒప్పుకున్నాడర్రా!” అన్నాడు. నవ్వు ఒకరినుంచి ఒకరికి అంటుకుంది. టీ కోసం రెండడుగులు వేసినవాళ్ళు వెనక్కి తిరిగారు. రిక్షావాళ్ళిద్దరూ కప్పులు సగంలో వదిలి లేచిపోయారు.

మ్యాతాన్ కోప్పడలేదు. ఫోతీ వైపు ఒకసారి చూశాడు, అంతే. చాలా దూరం నడిచొచ్చి, తాళం వేసి ఉన్న ఇంటిని చూసినవాడి చూపు అది. తర్వాత చేతుల్లో పిండిని తిరిగి ముద్ద చేసి, గిన్నెలో పెట్టి, తడిగుడ్డ కప్పాడు.

“అద్భుతం బాబాయ్!” థెట్లూ కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి. “అందరిచేతా సాధు అనిపించావ్! నాకు తోచనేలేదు సుమా ఇలా కలపొచ్చని. ఇకనుంచి రోజూ ఇలాగే.”

ఫోతీకి అప్పుడు అర్థమైంది తను చేసిన పని. థెట్లూ ఇచ్చింది తిట్టు. దాన్ని దీవెన చేసింది తను. మైకు అక్కడ పడేసి రోడ్డు దాటి వెళ్ళాలనుకున్నాడు. ఈలోగా ఇంకో బస్సు వచ్చింది. “పగోడాకి వెళ్ళే నీలం బస్సు అమ్మలారా, అయ్యలారా...” అంటూ నోరు దాని పని అది చేసుకుపోయింది.

పొద్దు వాలేవేళకి టీ కొట్టు పొయ్యిలో పొగ ఆగిపోయింది. ఫోతీ బళ్ళ మధ్యనుంచి చూస్తూనే ఉన్నాడు. మ్యాతాన్ బల్లలు లోపల పెట్టాడు. రొట్టెల పెనం తోమి బోర్లించాడు. గుమ్మం ముందు ఎప్పటిలాగే నీళ్ళు చల్లి, ఊడ్చి, తలుపు చెక్కలు ఒక్కొక్కటే దించాడు. ఇంత సంచీ ఒకటి భుజాన వేసుకుని, కొట్టు పక్క సందులోకి వెళ్ళాడు. మసీదుకేమో అనుకున్నాడు ఫోతీ. అలా అనుకోవాలనిపించి అనుకున్నాడు.

కాసేపటికి ఉత్తరంనుంచి ఉల్లిపాయల లారీ వచ్చింది.

“దక్షిణం వైపు వెళ్ళే ఉల్లిపాయల లారీ బాబూ!” అన్నాడు ఫోతీ మైకులో. అన్నాక డ్రైవరు పక్కన గడ్డం కనపడింది. తర్వాతి ముక్క రాలేదు. లౌడు స్పీకరులోంచి అతని ఊపిరి ఒక్కటే రోడ్డంతా వినపడింది.

లారీ ఆగింది. గిన్నెల ఆడవాళ్ళలో పెద్దది దోసేన్ అలవాటుగా ముందుకి వెళ్ళింది. మ్యాతాన్ కిటికీలోంచి చెయ్యి చాపి గిన్నెలో నోటు వేశాడు. తర్వాత ఒళ్ళో ఉన్న ఎర్ర పూల ఫ్లాస్కు ఆమె చేతికిచ్చి, వంగి ఏదో చెప్పాడు. పందిరి వైపు తిరగలేదు.

దానం పడింది. పడ్డాక పుణ్యం పంచాలి. ఆడవాళ్ళంతా ఫోతీ వైపు చూశారు. ఫోతీ మైకుని రెండు చేతులా పట్టుకున్నాడు. యాకూబూ, ఆగరా అనాలి. జీవితంలో మొదటిసారి అతనికి సొంత మాట ఒకటి ఉంది, చేతిలో మైకుంది, ఊరంతా వినేటట్టుంది. నోరు తెరిచాడు.

“ఈ దానఫలం కన్నతల్లికీ, కన్నతండ్రికీ...” అని వచ్చింది.

చివరిదాకా చెప్పాడు. గొంతు దించాడు. “సాధు, సాధు, సాధు,” అన్నారు ఆడవాళ్ళు. ఫోతీ ఇంకా ఆగాడు, చెవి రోడ్డవతలికి పెట్టి. మూసిన చెక్కల ముందు చల్లిన నీళ్ళు ఆరుతున్నాయి. లారీ గేరు మార్చుకుని కదిలింది.

దోసేన్ పందిట్లోకి వచ్చి ఫ్లాస్కుని మైకు పక్కన పెట్టింది. “నీ గొంతుకంట అన్నయ్యా. రేపు కూడా యాత్ర బస్సులున్నాయట కదా, వేడిగా ఉన్నప్పుడే తాగమన్నాడు,” అంది.

చీకటి పడ్డాక థెట్లూ మనిషి వచ్చి మైకూ, వైర్లూ చుట్టి పట్టుకెళ్ళాడు. బల్ల మీద ఎర్ర పూల ఫ్లాస్కు ఒక్కటీ మిగిలింది, మూత బిగించి, ఇంకా వెచ్చగా.